పైరు సెలవీయదు

సైనికుడొకడు, సేద్యగాడొకడు అని లోకము రెండు పేర్లు పెట్టి వారిని రెండు వరుసలలో నిలిపినది. ఒకడు పొలిమేర కాయును. ఒకడు పొలము కాయును. కాని ఈ రెండు వరుసల నడుమ మూడవవాడొకడు కలడు. అతడు ఏడాదిలో పదినెలలు తన బ్రతుకుతెరువు తాను చూచుకొని, తక్కిన రెండునెలలు దేశము పిలిచిన చోటికి పోయి తుపాకి పట్టును. అతడు పూర్తిగా జీతపు సైనికుడు కాడు. కేవలము పౌరుడును కాడు. జెండా పండుగనాడు అతనిని ప్రత్యేకముగా తలచువారు లేరు. పద్దులు వ్రాయునాడు అతని దినములను శ్రద్ధగా లెక్కించువారును తక్కువే. గుంటూరు, ప్రకాశము సీమల నల్లరేగడిలో ప్రత్తియు మిరపయు పండించు ఇంటినుండి అట్టివాడు వచ్చినప్పుడు ఆ లెక్క ఎక్కడ తప్పుచున్నదో విచారించుట అవసరము.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేట, 1948లో, ప్రాదేశిక సైన్యపు శాసనము వెలువడెను. 1949 అక్టోబరు 9వ తేదీన నాటి గవర్నరు జనరల్ చక్రవర్తి రాజగోపాలాచారిగారు ఆ సైన్యమునకు ప్రారంభోత్సవము జరిపిరి. జనులు టెరిటోరియల్ ఆర్మీ అని వ్యవహరించునది ఇదియే. అంతకు పూర్వము 1920లో తెల్లదొరలు ఇట్టిదే ఒకటి నెలకొల్పిరి గాని, అందు యూరోపియనులకు ఒక దళము, దేశీయులకు వేరొక దళము అను పంక్తిభేదము పాటించిరి. స్వతంత్ర భారతము ఆ భేదమును తుడిచివేసి, ఏ వృత్తివాడైనను తన వృత్తి మానుకొనకయే దేశరక్షణలో పాలుపంచుకొనవచ్చునని ద్వారము తెరచినది. ఆంధ్రులకు ఈ సైన్యము దూరపు మాట కాదు. గార్డ్సు రెజిమెంటునకు చెందిన 125వ ప్రాదేశిక పదాతిదళము సికింద్రాబాదున నున్నది. గుంటూరు, ప్రకాశము మొదలు రాయలసీమ వరకు గల యువకులను సైన్యమునకు ఎంపికచేయు కార్యాలయము గుంటూరుననే కలదు.

ఈ సైన్యమునకు మూలసూత్రమొకటి కలదు: ఇది ఉద్యోగము కాదు. 18 ఏండ్లు నిండి 42 ఏండ్లు దాటని పౌరుడు చేరవచ్చును. కాని అతనికి వేరొక జీవనాధారము ఉండితీరవలెను. ఆ జీవనాధారము చెడిపోకుండునట్లే శిక్షణ దినములకు కొలత పెట్టిరి. పట్టణ దళములలో చేరినవారికి మొదటి యేట 32 దినముల ప్రారంభ శిక్షణ. ఆపై ఏటేట కనీసము 30 దినములు, అందు 14 దినములు శిబిరవాసము. వారాంతములందును సెలవు దినములందును నాలుగు గంటలు శిక్షణ పొందిన అది ఒక దినముగా జమ యగును. ఇచ్చగించినవారు ఈ దినములను 60 వరకు పెంచుకొనవచ్చును. పట్టణేతర దళములలో మొదటి యేట 30 దినముల శిక్షణ, తరువాత ప్రతి యేట రెండు నిండు మాసములు. ఆ దినములన్నిటికి అదే హోదాగల నిత్యసైనికునితో సమానమైన వేతనము, భత్యము లభించును. శిక్షణకు గాని సేవకు గాని పిలుపు లేని దినములకు ఏమియు రాదు.

ఈ కొలత చిన్న విషయముగా కనబడవచ్చును. కాని రెండు పొలముల నడుమ గట్టు ఎంత ముఖ్యమో, పౌరజీవితమునకును సైనికజీవితమునకును నడుమ ఈ దినసంఖ్య అంత ముఖ్యము. గట్టు ఉన్నంతకాలము ఇరుగుపొరుగులకు తగవు లేదు. ఇంతకు మించి నిన్ను అడుగమని ప్రభుత్వము పౌరునకు మాట ఇచ్చినది. ఇంతకు తగ్గించి ఇయ్యనని పౌరుడు ప్రభుత్వమునకు మాట ఇచ్చినాడు. దినములను లెక్కించుట పిసినిగొట్టుతనము కాదు. లెక్క లేని చోట త్యాగమునకును వెట్టికిని భేదము చెరిగిపోవును.

చట్టము ఈ మాటను కొంతవరకు నిలువబెట్టుకొన్నది. ప్రాదేశిక సైనికుని సేవకు పిలిచినపుడు, అతనిని పనిలో పెట్టుకొన్న యజమాని అవసరమైన సెలవు నీయవలెను. సేవ ముగిసి తిరిగివచ్చిన పిదప మునుపటికంటె తక్కువకాని షరతులపై అతనిని తిరిగి పనిలోనికి తీసికొనవలెను. అట్లు తీసికొనని యజమానిచేత, ఆరు నెలల వేతనమునకు మించని పరిహారమును ఇప్పించు అధికారము కూడ శాసనమందే కలదు. భవిష్యనిధి వంటి హక్కులకు భంగము రాకుండ వేరొక విధిని చేర్చిరి. రైల్వే గుమాస్తా, బ్యాంకు ఉద్యోగి, కార్ఖానా పనివాడు, ఉపాధ్యాయుడు - వీరందరును ఈ నీడన నిలువగలరు. ఇది సంతోషింపదగినదే.

అయితే, యజమాని లేనివాని గతి యేమి? ఇక్కడనే చట్టము తలుపు మూయుచున్నది. నల్లరేగడి సేద్యగానికి సెలవు నీయవలసిన దొర ఎవ్వరును లేరు. అతని యజమాని పైరు. ఆ యజమానికి ఉత్తరము వ్రాయ వీలులేదు. తాఖీదు పంప వీలులేదు. పరిహారమిమ్మని నిర్బంధింప వీలులేదు. మనుష్యుడైన యజమాని కఠినుడైనను ఒకనాడు కరుగవచ్చును. పైరు మాత్రము సెలవీయదు.

ఆ సీమ పంచాంగమును ఒకమారు తిరుగవేసిన ఈ మాట బోధపడును. ఏరువాక సాగిన తరువాత, మృగశిర, ఆరుద్ర కార్తెల వానలకు ప్రత్తి గింజ పడును. శ్రావణ భాద్రపదములలో మిరప నారుమడి కనిపెట్టుకొని యుండవలెను. దసరా చుట్టుప్రక్కల నారు నాటుట. ప్రత్తి తీత కార్తికముతో ఆరంభమై సంక్రాంతి దాటువరకు సాగును. ఒకవైపు ప్రత్తి తీయుచుండగనే మరియొకవైపు మిరప పండబారును. పుష్యమాసమునుండి చైత్రమువరకు మిరపకు ఒక కోత కాదు, మూడు నాలుగు కోతలు. కోసిన కాయను కల్లములో ఆరబోయవలెను. రాత్రి మంచుకు పట్టలు కప్పవలెను. ఆరినదానిలో తాలు ఏరవలెను. బస్తాలకెత్తి గుంటూరు యార్డుకు తోలవలెను. ధర లేకున్న శీతలగిడ్డంగిలో దాచవలెను. ఆసియాలోకెల్ల పెద్దదని పేరొందిన ఆ మిరపబజారులో ఒక వారమునకును మరియొక వారమునకును ధరలో వచ్చు తేడా ఒక్కొక్కప్పుడు ఏటి కష్టమును తారుమారు చేయును. ఈ పనులలో ఏదియు రెండు నెలలు ఆగునది కాదు.

కూలీలను పెట్టి చేయించుకొనరాదా యని అడుగవచ్చును. కోతకు కూలీలు కావలసినదే. కర్నూలు వైపునుండి కుటుంబములతో వలసవచ్చి మిరపచేల గట్లపై గుడిసెలు వేసికొను కూలీలను ఆ సీమలో ఎరుగనివారు లేరు. కాని కూలీ చేతులు ఈయగలదు, కన్ను ఈయజాలదు. ఏనాడు మందు చల్లవలెనో, ఏ సాలులో ఆకు ముడుచుకొనుచున్నదో చూచుకొనువాడు సేద్యగాడే. 1987లో తెల్లదోమ ప్రత్తిని ముంచినది. ఆ యేటి అప్పులకు తాళలేక ప్రకాశము జిల్లాలో ప్రత్తిరైతులు ప్రాణములు తీసికొనిన సంగతి ఆంధ్రదేశము మరువలేదు. 2021-22లో నల్ల తామరపురుగు మిరపపూవును మాడ్చివేసినది. చేనిగట్టుమీదనే కాపురమున్నవారు సైతము పైరును దక్కించుకొనలేకపోయిరి. అట్టి సీమలో రెండుమాసములు ఇంట లేకుండుట యనగా ఆ యేటి బ్రతుకును గాలికి వదలుటయే.

ఇక కౌలుదారుని కష్టము వేరు. నల్లరేగడికి కౌలు హెచ్చు. చాలచోట్ల పంట చేతికి రాకమునుపే అది చెల్లింపవలెను. భూమి తనది కాదు గనుక అతనిపేర పట్టా లేదు. 2019లో ఆంధ్రప్రదేశమున వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలుపత్రమునకు భూస్వామి సమ్మతిని కోరినది. ఆ సమ్మతి దొరకనివానికి తాను సేద్యగాడనని చూపుకొనుటకు కాగితమైన నుండదు. వేరొక జీవనాధారమున్నట్లు ఋజువు చూపవలెనను సైన్యపు నిబంధనకును, చెమటతప్ప ఋజువు లేని ఈ మనుష్యునకును పొత్తు కుదురుటెట్లు? భుజబలమున్నవానికి కాగితములేదు; కాగితమున్నవానికి తరచు ఆ కోరికయే యుండదు.

శిబిరమునకు పోయినవాని వెనుక ఇంట మిగులునది ఇల్లాలు. ఆమె పిల్లలను చూచుకొనవలెను, పాడి చూచుకొనవలెను, కూలీల ముఠాతో మాట్లాడవలెను, కమీషను వ్యాపారితో ధర తేల్చుకొనవలెను, అప్పిచ్చినవానికి సమాధానము చెప్పవలెను. భర్త దినములను ప్రభుత్వము లెక్కించి వెల కట్టినది. అతడు లేని కారణమున ఆమెమీద పడిన దినములకు ఏ పద్దులోను చోటు లేదు. దేశసేవ ఆ ఇంట ఇద్దరు చేయుచున్నారు. హాజరుపట్టీ మాత్రము ఒక్కనికే కలదు.

వేతనము చాలదా యను ప్రశ్న వచ్చును. 2016నుండి అమలులోనికి వచ్చిన ఏడవ వేతనసంఘపు నిర్ణయము ననుసరించి సిపాయి మూలవేతనము 21,700 రూపాయలు. సైనికసేవా వేతనము 5,200 రూపాయలు. రెండును కలిపి దినమునకు లెక్కించిన సుమారు 897 రూపాయలగును. కరువుభత్యము మొదలగునవి వేరు. పనిలేని వేసవిదినమున ఇది మేలైన మొత్తమే. పల్లెలో అంత కూలి దొరకదు. కాని మిరప మూడవకోత నాటి దినమునకు ఇదే మొత్తము ఏమాత్రము సరిపోదు. దినమునకు వెల ఒక్కటియే. దినములు మాత్రము ఒక్కటి కావు. కార్యాలయములో మార్గశిరమైనను వైశాఖమైనను దినము దినమే. సేద్యములో అదనుగల దినమొకటి అదనులేని దినములు పదింటికి సమానము. ఈ భేదమును గుర్తింపని లెక్క, లెక్కగా ఒప్పినను న్యాయముగా ఒప్పదు.

వార్ధక్యపు మాట కూడ తలపవలెను. ప్రాదేశిక సైన్యమున సిపాయికి పింఛను రావలెనన్న, పిలుపుపై సేవలోనుండిన కాలము 15 ఏండ్లు కావలెను. అధికారులకు 20 ఏండ్లు. ఏటికి రెండు మాసముల శిక్షణను మాత్రమే ఎరిగినవాడు, ఆ మాసములన్నియు జమయైనవనుకొన్నను, 15 ఏండ్లు కూడబెట్టుటకు 90 ఏండ్లు జీవించి శిక్షణ పొందుచుండవలెను! ఏండ్లతరబడి పిలుపుపై సరిహద్దులలో గడపినవారు ఆ లెక్కను చేరగలరు. పిలుపు మధ్య మధ్య ఆగినవారు చేరువవరకు వచ్చియు చేరజాలరు. వారి దినములు వ్యర్థము కాలేదు గాని, వారికి మాత్రము వృద్ధికి రాలేదు.

న్యాయస్థానములు ఈ విషయమున కొంత దారి చూపినవి. ప్రాదేశిక సైన్యమునకు చెందిన పర్యావరణ దళములో పనిచేయుచు, సెలవులోనుండగా ప్రమాదమున కాలు కోల్పోయిన ఒక సైనికునకు అంగవైకల్యపు పింఛను ఈయవలెనని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమున జస్టిస్ బి.ఆర్. గవాయ్‌గారితోపాటు కూర్చుండిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుగారు గుంటూరు న్యాయస్థానముననే వృత్తి నారంభించినవారు. ప్రాదేశిక సైనికుడును సైనికుడే యనునది ఆ తీర్పు సారము. కాలు పోయిన పిదప దొరకిన ఈ గుర్తింపు, పైరు పోవకమునుపే దొరకవలెనని కోరుట అత్యాశ కాదు.

2025 మే మాసమున పశ్చిమ సరిహద్దు రగిలినప్పుడు కేంద్రప్రభుత్వము, ప్రాదేశిక సైన్యములోని ప్రతి అధికారిని, ప్రతి సైనికుని సేవకు పిలుచు అధికారమును సైన్యాధిపతికి ఇచ్చుచు ఉత్తరువు ప్రకటించెను. ఉన్న 32 పదాతిదళములలో 14 దళములను సేవలోనికి దింపవచ్చునని అందు పేర్కొనిరి. ఉత్తరువు గడువు 2028 ఫిబ్రవరి 9వ తేదీ వరకు. ఆ ఉత్తరువులోనే ఇంకొక మాట కలదు: బడ్జెటులో సొమ్మున్నప్పుడు గాని, లోపలి మిగుళ్ళనుండి సర్దుబాటు చేసినప్పుడు గాని దళములను పిలువవలెనని, వేరు మంత్రిత్వశాఖ కోరగా పిలిచినచో వ్యయము ఆ శాఖయే భరింపవలెనని. ప్రభుత్వము తన సంచి చూచుకొని అడుగు వేయుటలో తప్పేమియు లేదు, అది గృహస్థధర్మమే. పిలిచినవానికి ఉన్న ఈ వివేకము, పిలువబడినవానికిని ఉండనీయవలెనుగదా. ప్రభుత్వము తన బడ్జెటు చూచుకొనుచున్నది. సేద్యగాని బడ్జెటు ఎవరు చూడవలెను?

ఇంకను దగ్గరి ఉదాహరణ కావలసినచో ఏ పట్టణపు నాలుగురోడ్ల కూడలియందైనను కాననగును. హోంగార్డు సైనికుడు కాడు. అయినను దినకూలి లెక్కన యూనిఫారము ధరించువాడే. 1946లో బొంబాయిలో పుట్టి, 1962 చైనా దాడి తరువాత దేశమంతట విస్తరించిన ఆ దళము కూడ స్వచ్ఛందసేవ యను పేరుతోనే మొదలైనది. కాలక్రమమున స్వచ్ఛందము నిత్యమైనది. పేరు మాత్రము మారలేదు. 2015 మార్చిలో హిమాచలప్రదేశపు హోంగార్డుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు, వారిని శాశ్వతోద్యోగులుగా చేయుమనలేదు గాని, 30 దినముల భత్యము పోలీసు కనీస వేతనమునకు తగ్గరాదని నిర్దేశించెను. ఆ తరువాతనే రాష్ట్రములు కదలినవి. ఆంధ్రప్రదేశమున 2019లో దినభత్యము 600 రూపాయలనుండి 710 రూపాయలయ్యెను. తెలంగాణమున 2024 డిసెంబరులో 921 రూపాయలనుండి 1,000 రూపాయలకు పెంచుదుమని ప్రకటించిరి. కొలతలేని స్వచ్ఛందము ఏ దారి పట్టునో ఈ చరిత్ర చెప్పుచున్నది. మొదట గౌరవము, పిదప అలవాటు, పిదప వ్యాజ్యము. ప్రాదేశిక సైన్యము ఆ మూడవ మెట్టుకు చేరకుండ చూచుకొనుట మేలు.

ఇందుకు ప్రతివాదము లేకపోలేదు. యుద్ధము పైరును చూచి వచ్చునా యని అడుగుదురు. నిజమే. 1962లో చైనా అక్టోబరులో వచ్చిపడెను. 1965 యుద్ధము ఆగస్టు, సెప్టెంబరులలో సాగెను. 1971 యుద్ధము డిసెంబరులో. మూడును చేలమీద పైరున్న కాలములే. ప్రాదేశిక దళములు మూడింటను సేవచేసినవి. యుద్ధము వచ్చినప్పుడు దినములు లెక్కించు పౌరుడు పౌరుడే కాడు. కాని యుద్ధము వేరు, శిక్షణ వేరు. యుద్ధమునకు ముహూర్తము శత్రువు పెట్టును. శిక్షణకు ముహూర్తము పెట్టువారు స్వదేశపు అధికారులే. శత్రువు చేతిలోని ముహూర్తమునకు సేద్యగాడు తలవంచుచున్నాడు గనుకనే, స్వజనుల చేతిలోని ముహూర్తము తన పైరును కనికరింపవలెనని కోరుటకు అతనికి హక్కు కలదు.

ఇష్టపడి చేరినవాడు కష్టమని చెప్పనేల యనుట రెండవ ప్రతివాదము. ఇష్టపడి ఇచ్చినదానిని జాగ్రత్తగా వాడుకొనుట పుచ్చుకొనినవాని ధర్మము. ఇష్టముతో తెచ్చిన అరకను అదను చూడక దున్నించి ఎడ్లను కూలబడవేయువానికి మరుసటి యేడు ఎవ్వరును అరక ఈయరు. స్వచ్ఛందసైన్యము నమ్మకముమీద నిలుచును. నమ్మకము ఒక యేటి మిరపతో పోయిన, పది ప్రకటనలతో తిరిగిరాదు. జనులకు ఈ సైన్యము పేరు చెప్పగనే క్రికెట్ వీరుడు మహేంద్రసింగ్ ధోని 2019లో రెండువారములు కాశ్మీరమున కావలికాసిన దృశ్యము తోచును. ఆయన గౌరవహోదాతో పోయెను; అది ముచ్చటయే. కాని ఆయన రెండువారములు పోయినంతమాత్రమున మాడిపోవు పైరు ఏదియు లేదు.

ఇతరదేశములు ఈ చిక్కును ఎదుర్కొనకపోలేదు. స్విట్జర్లాండు పౌరసైన్యమునకు పెట్టినది పేరు. మొదటి ప్రపంచయుద్ధకాలమున అక్కడి పౌరులు సరిహద్దుల కావలిలో ఏండ్లు గడపిరి. పోయిన సంపాదనకు పరిహారము లేక ఇండ్లు కటకటపడినవి. 1918లో చెలరేగిన సార్వత్రిక సమ్మెకు ఆ కడుపుమంటయు ఒక కారణము. ఆ అనుభవముతో రెండవ యుద్ధారంభమున, 1940లో, సంపాదన నష్టమునకు పరిహారమిచ్చు నిధిని నెలకొల్పిరి. నేడు సామాన్య సైనికుడు తన జీవితకాలమున చేయవలసిన సేవ 245 దినములు. ఆ దినములకు సగటు సంపాదనలో నూటికి 80 వంతులు లభించును. అంతకంటె ముఖ్యమైనది, స్వంత వ్యాపారమో వ్యవసాయమో కలవానికి అది నిలిచిపోకుండుటకై వేరొక భత్యము కూడ కలదు. అమెరికాలో నిల్వసైనికుని ప్రతి నాలుగుగంటల కవాతు ఒక గుర్తుగా జమయై, ఏటికి 50 గుర్తులు గల ఏండ్లు 20 నిండిన విశ్రాంతివేతనపు హక్కు ఏర్పడును. అవి ధనికదేశములని త్రోసివేయనక్కరలేదు. ధనము వారిదైనను లెక్క అందరిదియు.

అట్లయిన చేయవలసినదేమి? మొదటిది, శిబిరకాలము. నల్లరేగడి సీమలో మిరప కడకోత ముగిసిన తరువాత, ఏరువాకకు ముందు, చైత్రాంతమునుండి జ్యేష్ఠమువరకు చేతులు ఖాళీగా నుండును. గుంటూరు మిరపయార్డు సైతము ఏటేట ఆ దినములలో వేసవి సెలవులు పుచ్చుకొనును. బజారే మూసికొను కాలమున సేద్యగాడు శిబిరమునకు పోవుటలో ఇంటికి కొరత రాదు. రెంటచింతల ఎండలకు అలవాటుపడిన దేహములు వేసవి కవాతుకు వెరచునవి కావు. అన్ని దళములను ఒకే కాలమున పిలువ వీలుకాకపోవచ్చును. గోధుమపండు సీమవానికి అదను వేరు, వరిపండు సీమవానికి వేరు. ఆ భేదమే సైన్యమునకు సౌకర్యము. ఒకరు పొలమునందున్నప్పుడు మరియొకరు శిబిరమునందుందురు.

రెండవది, దినముల పుస్తకము. బ్యాంకు పాసుపుస్తకమువలె ప్రతి సైనికుని చేతికిని అతని భాషలో ఒక లెక్క ఈయవలెను: శిక్షణ దినములెన్ని, సేవా దినములెన్ని, వేతనము చెల్లినవెన్ని, పింఛనుకు జమయైనవెన్ని. తన దినములు తనకు తెలిసినవాడు తగవులాడడు, తెలియనివాడు అనుమానించును. మూడవది, యజమాని లేనివానికి సేద్యభత్యము. ఉద్యోగికి చట్టము ఉద్యోగమును కాపాడినట్లు, సేద్యగానికి పైరును కాపాడుకొనుటకు కొంత సొమ్మీయవలెను. అది ఒక కావలిమనిషిని పెట్టుకొనుటకు చాలిన చాలును. నాలుగవది, కౌలుదారుని సేద్యమును గ్రామాధికారుల విచారణమీదనే జీవనాధారముగా ఒప్పుకొనుట. ఇవి రాజ్యములను మార్చు సంస్కరణలు కావు. నాలుగు ఉత్తరువులు, ఒక పుస్తకము.

ఈ విచారణకు తొందర కూడ కలదు. 2022లో వచ్చిన అగ్నిపథ విధానమున నాలుగేండ్లు సేవచేసిన యువకులలో నూటికి 25 మందికి మించకుండ సైన్యమున నిలుపుకొందురు. తక్కినవారు ఇండ్లకు మరలుదురు. గుంటూరు, పల్నాడు, ప్రకాశము పల్లెలనుండి తెల్లవారుజామున బాటలవెంట పరుగులు తీసి చేరినవారును వారిలో నుందురు. తుపాకి పట్టనేర్చి, ఇరువదియైదేండ్లైనను దాటక, తండ్రి చేనిగట్టుకు తిరిగివచ్చిన యువకునికంటె ప్రాదేశిక సైన్యమునకు తగినవాడెవడు? అతడు కోరవచ్చునది రెండే: తన సేవకు ఒక హద్దు, తన దినమునకు ఒక విలువ. ఆ రెండును అప్పటికి సిద్ధముగా లేనిచో, నేర్చిన విద్య తుప్పుపట్టును. లేదా పైరు ఎండును.

పూర్వము ఈ సీమల జమీందారులు తమ బంట్లకు మాన్యములిచ్చి పోషించిరి. 1802లో కుంపిణీ వారు శాశ్వత పైసలా చేసి జమీందారుల సాయుధ పరివారములను తొలగించిరి. ఆ వ్యవస్థలో దోషములెన్నియో కలవు. దానిని పొగడ బనిలేదు. కాని కత్తిపట్టు చేయియే కఱ్ఱు పట్టవలెనని, ఆ చేతికి నేలతో సంబంధము తెగరాదని, ఆ నిరక్షరాస్యపు కాలము సైతము ఎరిగియుండెను. చట్టములు, వేతనసంఘములు, న్యాయస్థానములు గల ప్రజారాజ్యము అంతమాత్రము ఎరుగకుండుట తగదు. సరిహద్దు కాచువానికి తన చేను కాచువారున్నారను ధైర్యము కావలెను. ఆ ధైర్యమును పైరు ఈయలేదు, రాజ్యమే ఈయవలెను.